పై గొట్టంలో ఫ్యాన్ స్విచ్

గవ్వలదిబ్బ మజిలీ

అక్కా,

ముందు నా రాతను క్షమించు. ఒత్తులు పడాల్సిన చోట పడవు, వరుస తిన్నగా పోదు. మన బిడారులో బడి బండి యాక్సిల్ విరిగిన రోజుతో నా చదువు ఆగిందని నీకు తెలుసు. పైగా రాసేది ఇంజన్ పక్కన కూర్చుని. ఒళ్ళో పెట్టుకున్న రేకు వణుకుతుంటే అక్షరాలూ వణుకుతున్నాయి. ఒక్కరోజులో రాసేది కాదు ఇది. మజిలీకి ఇంత చొప్పున రాసి, ఉప్పు బండి వాళ్ళు ఎదురైనప్పుడు ఇస్తాను. వాళ్ళు మీ బిడారు దారినే పోతారట.

నా కాపురం బాగానే ఉంది. రాత్రి నడక, పగలు ఆగుడు, అక్కడ మనకున్నట్టే. తెల్లవారకముందే బండ్లన్నీ వరుసగా నిలిపి, పైన గుడ్డలు కట్టి, ఎవరి బండిలోని చల్లగదిలోకి వాళ్ళం దూరతాం. బండి నిలిచినా ఇంజన్ నిలవదు. ఇంజన్ ఆగితే చల్లగది ఆగుతుంది, చల్లగది ఆగితే మధ్యాహ్నానికి మనుషులు ఉడికిపోతారు. నేను మాత్రం మధ్యలో ఇంజన్ గూట్లోకి పోయి అన్నం చూసుకుంటాను. గిన్నెను ఇంజన్‌కు తీగతో కట్టి వదిలేయడమే కదా వంట.

మా అత్త తిప్పమ్మ మంచిదే. నోరు మాత్రం ఊరుకోదు. మా ఇంజన్ ఫ్యాను తిరిగినప్పుడల్లా గిన్నె చల్లారిపోయి అన్నం పలుకుగా ఉంటోందని రోజూ గొడవ.

"ఏం మ్మే, ఇది అన్నమా, గులకరాళ్ళా? పండ్లు ఊడినదాన్ని, నేనేం నమలాల?" అంటుంది.

"ఫ్యాను తిరుగుతాంది అత్తా," అంటాను.

"ఆ ఫ్యాను నీ మొగుడికి సుట్టం, నాకు శత్రువు."

నిన్న ఆ ఫ్యానే ఆగింది. మా ఆయన రెంచితో నాలుగు తగిలిస్తే గానీ కదల్లేదు. నీళ్ళు వేడెక్కగానే ఫ్యానును తిప్పే చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది చూడు, రేడియేటర్ అడుగున, ఇత్తడి బిరడాలా. అది చచ్చిపోయింది. బిడారు పెద్ద ఈరన్న మామ దగ్గర పాత సామాన్ల పెట్టె ఉంది. ఆయన మా రక్తసంబంధి కాదు గానీ, తండ్రి లేని మా ఆయనకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. మా ఆయన ఆయన్ను పెదనాయనా అనే పిలుస్తాడు.

ఈరన్న మామ ఇంకో స్విచ్ తీసిచ్చాడు. అది పాత రంధ్రంలో పట్టలేదు.

"కింద ఎందుకు నాయనా, పై గొట్టంలో బిగించు," అన్నాడు. "ఇంజన్‌లో కాగిన నీళ్ళు ముందు పోయేది పై గొట్టంలోనే గదా. ఆడ పెడితే వేడి ఎంటనే తెలుస్తాది. కింద పెడితే సల్లారినంక తెలుస్తాది. అప్పుడు తెలిసి ఏం లాభం? అందరికీ పైనే పెట్టించినా."

మాట సబబుగానే ఉంది. మా ఆయన పై గొట్టం కోసి, మధ్యలో ఇనుప ముక్క అతికించి, దానికి స్విచ్ బిగించాడు. అడుగున ఉన్న రంధ్రాన్ని బిరడాతో మూశాడు. ఫ్యాను తిరిగింది. నాకూ సంతోషమే అనిపించింది.

గాలిమరల మిట్ట

ఇక్కడి బావి మనం చిన్నప్పుడు చూసిన బావి కాదక్కా. బొక్కెన అడుగున తగిలి చప్పుడు చేస్తోంది. మనుషులకు తాగడానికి సరిపోను ఇచ్చారు, ఇంజన్లకు పోయనివ్వలేదు. వచ్చే మజిలీలో పోసుకుందాం అన్నాడు ఈరన్న మామ.

అయినా బండిచెంబు ఆగలేదు. మీ బిడారులో ఆ ఆచారం ఉందో లేదో నాకు తెలియదు. ఇక్కడ పొద్దుగూకే వేళ, నడకకు ముందు, ప్రతి బండిలోని చిన్న కోడలు రేడియేటర్ అడుగున ఉన్న కుళాయి తిప్పి చెంబెడు నీళ్ళు పట్టాలి. తలమీద గుడ్డ కప్పుకుని తీసుకుపోయి మొదటి బండి డ్రమ్ములో పోయాలి. దారి తీసే బండికి దాహం ఎక్కువ అంటారు. ముందు పోయే ఈరన్న మామ బండే దారి చూపాలి, అది ఆగితే అందరం ఆగినట్టే. వెనకటికి మజిలీ మజిలీకీ నీళ్ళు నింపుకునేవాళ్ళు కాబట్టి చెంబు ఇచ్చినా ఎవరికీ ఏమీ కాలేదట.

నేను అంచు దాకా పట్టి తీసుకుపోతాను. ఒలికితే ఎవరైనా ఏమంటారోనని భయం. వరుసలో నాతో ఎవరూ మాట్లాడరు, నేనూ తలెత్తను. పక్క బండి హుసేనమ్మ ఒక్కతే పలకరిస్తుంది. నా వయసుదే, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక పాట.

"మా అన్నం ఎట్ల ఉడుకుతాందనుకున్యావ్! ఎక్కించినదే తెలీదు, అప్పుడే పొంగు," అంది ఇవాళ. వాళ్ళ ఆయన దస్తగిరి కూడా పోయిన నెల స్విచ్ పై గొట్టంలోకి మార్పించుకున్నాడట.

మాకూ అంతే. అన్నం తొందరగా ఉడుకుతోంది. మా అత్త రెండోసారి పెట్టించుకుంది. "నా కోడలికి ఇప్పుడు చెయ్యి తిరిగింది," అని అందరూ వినేలా అంది. సిగ్గుతో చచ్చిపోయాననుకో.

ఉప్పుపర్ర అంచు

దస్తగిరి బండి ఆగిపోయింది.

ఎండ నడినెత్తిన ఉంది. ముందు పెద్ద మనిషి దగ్గినట్టు ఒక చప్పుడు, తర్వాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే అందరినీ లేపింది. మగవాళ్ళు తడిగుడ్డలు కప్పుకుని పరుగెత్తి ఆ బండిలోని వాళ్ళను లాక్కొచ్చారు. హుసేనమ్మ మామ చేతులు రేకుకు తగిలి బొబ్బలెక్కాయి. ఇంజన్ లోపల అంతా పట్టేసింది, ఇక తిరగదు అన్నారు.

సాయంత్రం ఈరన్న మామ అందరినీ పిలిచాడు. కోపంగా లేడు. నెమ్మదిగా, జ్వరం వచ్చిన బిడ్డతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"బండి నడిపినోడే బండిని కాయాల. మన కట్టు అది. ఇంట్లో వాళ్ళు తలా ఒక బండిలో సర్దుకోండి."

నీకూ తెలిసిన కట్టే కదక్కా. వెనకటికి ముందు మజిలీ నుంచి సామాను తెచ్చి బండి బాగుచేసేవాళ్ళు, అందాకా దొంగలు పడకుండా నడిపినవాడు కాపలా ఉండేవాడు. ఇప్పుడు వెనక్కి పోయేవాళ్ళు లేరు. కాపలా మాత్రం మిగిలింది.

దస్తగిరి ఎదురు చెప్పలేదు. "పెద్దాయనా, నీళ్ళ తిత్తి ఒకటి ఇప్పించు," అన్నాడంతే. ఇచ్చారు. అతను మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఒరే మద్దిలేటీ, నా ఫ్యాను ఇయాళ తిరగనే లేదురా. స్విచ్ కొత్తదే గదా," అన్నాడు.

"సూసుకోవాల్సింది నాయనా," అన్నాడు ఈరన్న మామ వెనకనుంచి. "ఇంజన్‌ను నమ్ముకున్నోడు చెవులు తెరుచుకోని ఉండాల."

హుసేనమ్మను మా బండిలో ఎక్కించారు. బండ్లు కదిలినప్పుడు ఆమె ఏడవలేదు. వెనక తలుపు సందులోంచి చూస్తూ కూర్చుంది. ఏమీ కనబడనంత దూరం వచ్చాక కూడా అలాగే చూస్తూ ఉంది.

ఎర్రమట్టి గుంతలు

ఒళ్ళోని రేకు వేడికి కాలుతోంది, అక్షరాలు ఇంకా పాడవుతాయి, ఏమీ అనుకోకు.

ఈ మజిలీలోనూ ఇంజన్లకు నీళ్ళు లేవు. పొద్దున గిన్నె కట్టి వచ్చి కూర్చున్నానో లేదో పొంగు వాసన. మా అత్త మురిసిపోయింది. "చూసినావా హుసేనమ్మా, నా కోడలు గిన్నె పెడితే అన్నం దానంతట అదే ఉడుకుతాది!"

వచ్చినప్పటి నుంచి నోరు విప్పని హుసేనమ్మ అప్పుడు విప్పింది.

"మా అన్నం గూడా ఇట్లే బిరీన ఉడికింది. బండి ఆగిన రోజు అందరికన్నా బిరీన."

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఇంజన్ గూట్లోకి పరుగెత్తాను. వేడి ముఖానికి కొట్టింది. ఫ్యాను రెక్కలు కదలడం లేదు. మా ఆయన్ను లేపాను. నేను ఆయన్ను చెయ్యి పట్టి లేపడం అదే మొదటిసారి.

ఆయన పై గొట్టం మీద రెంచితో తట్టాడు. ఖాళీ గిన్నెలా చప్పుడైంది. ఇంకేమీ ఆలోచించలేదు. ఇంజన్ ఆపి, గోనెపట్టా కప్పి, మూత కొంచెం కొంచెంగా తిప్పి ఆవిరి పోనిచ్చాడు. మళ్ళీ ఇంజన్ తిప్పి, మా తాగునీళ్ళ కుండ తెచ్చి సన్నని ధారగా పోశాడు. మా అత్త నెత్తి కొట్టుకుంది. కుండ సగం అయ్యేసరికి టక్కున చప్పుడు, ఫ్యాను గిర్రున తిరిగింది.

మా ఆయన అక్కడే చతికిలబడ్డాడు.

"నీళ్ళు తగ్గితే ముందు ఖాళీ అయ్యేది పై గొట్టమే," అన్నాడు. "స్విచ్ నీళ్ళలో లేదు సుంకులూ, వట్టి గాలిలో వేలాడతాంది. కింద ఇంజన్ కాలిపోతాన్నా దానికి తెలీదు. మనం దినామూ చెంబెడు తీస్తిమి, తిరిగి పోయకపోతిమి."

తర్వాత ఆయన ముఖం వెలిగింది. "పెదనాయనకు చెప్పాల! ఆయనకు ఇది తట్టుండదు. అన్ని బండ్లూ బతుకుతాయి," అంటూ ఎండలోనే తడిగుడ్డ కప్పుకుని పోయాడు.

తిరిగి వచ్చినప్పుడు ఆ వెలుగు లేదు.

"ఏమన్నాడు?" అన్నాను.

"ఎవరితోనన్నా అన్నావా అని అడిగినాడు. లేదంటి. అనాకు అన్నాడు." తడిగుడ్డ విప్పి పక్కన పడేసి అన్నాడు, "మెచ్చుకుంటాడనుకున్యా."

సాయంత్రం నేను చెంబు తీసుకుని పోయాను. మొదటి బండి దగ్గర చివరగా మిగిలింది నేనే. ఈరన్న మామ భార్య గంగులమ్మ పెద్దత్త డ్రమ్ము పక్కన కూర్చుని ఉంది. వాళ్ళ ఇంజన్ గూడు తలుపు తీసి ఉంది. నేను ఎప్పుడూ తలెత్తి చూసేదాన్ని కాదు, ఇవాళ చూశాను. పై గొట్టం నున్నగా ఉంది, అతుకు లేదు. వాళ్ళ స్విచ్ రేడియేటర్ అడుగున ఉంది, ఎంత నీళ్ళు తగ్గినా మునిగి ఉండే చోట.

పెద్దత్త నేను చూడటం చూసింది. నా చెంబు పట్టుకుంది గానీ డ్రమ్ములో పొయ్యలేదు.

"నువ్వే మ్మే, అంచు దాకా తెస్తాండేది. తక్కినోళ్ళు దోవలో కొంచెం ఒలకబోసుకుంటాన్నారు. నిండుగా తేవాకు."

"ఎందుకు పెద్దత్తా?"

ఆమె మోకాళ్ళు ఒత్తుకుంటూ నా వెనక ఎవరైనా ఉన్నారేమో చూసింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"ముందుండే బావుల్లో నీళ్ళు ఇన్ని బండ్లకు రావు. ఎవర్ని వద్దనాల చెప్పు? అందరూ ఆయన ఎత్తుకోని తిరిగిన పిల్లోళ్ళే. నోటితో అనలేక ఇంజన్లతో అనిపిస్తాండాడు. బండి ఒకటి ఆగితే అది తాగే నీళ్ళు మిగుల్తాయి. నిండుగా ఇచ్చినోళ్ళవే ముందు ఆగుతాయి. పో, ఇంక పో. నేనేం చెప్పలేదు."

చెంబులో సగమే డ్రమ్ములో పోసి, మిగతా సగం నాకే ఇచ్చి పంపింది.

రాళ్ళకట్ట

తెల్లవారకముందే, ఎండ ఎక్కకముందే, మా ఆయన స్విచ్ మార్చాడు. నీళ్ళన్నీ తొట్టిలోకి దించి, అడుగు రంధ్రాన్ని తొలిచి పెద్దది చేసి, స్విచ్‌ను అక్కడ బిగించాడు. అడుగున పెడితే ఫ్యాను కొంచెం ఆలస్యంగా తిరుగుతుంది. కానీ తిరుగుతుంది. పై గొట్టంలో అతుకును మాత్రం అలాగే ఉంచి, ఉత్త వైరు ఒకటి చుట్టాడు. ఎవరైనా తొంగి చూస్తే మునుపటిలాగే కనబడాలని.

నేను పెద్దత్త మాటలు చెప్పినప్పుడు ఆయన నమ్మనని గట్టిగా అన్నాడు. చేతులు మాత్రం పని ఆపలేదు.

"మన బండి బతికింది. ఇంక గమ్మునుండు," అన్నాడు చివరికి. "చెంబు ఇస్తాండు. నీళ్ళు కొంచెం తగ్గించు, అంతే."

"మరి తక్కిన బండ్లు?"

"నేను ఆయన చేతి అన్నం తినినోన్ని సుంకులూ."

ఆయనతో వాదించడం నాకు రాదు. కానీ ఆయన వెనక, చల్లగది మూలలో హుసేనమ్మ కూర్చుని ఉంది. మేం మాట్లాడినదంతా వింది. ఆమె కళ్ళు నావైపు ఎలా చూశాయో రాయలేను.

అక్కా, మన అమ్మ నన్ను నోట్లో నాలుక లేనిదని అనేది కదా. ఆ సాయంత్రం చెంబుల వరుసలో తలెత్తి నిలబడ్డాను. నా ముందు తలారి బండి కోడలు ఉంది, పెద్దక్క అని ఆమె పేరు. ఇంతవరకు ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు.

"అక్కా, మీ అన్నం తొందరగా ఉడుకుతాందా?" అన్నాను.

"ఏందమ్మే, పలికినావే! మూగదానివేమో అనుకుంటిమి," అని నవ్వింది. "ఉడుకుతాంది. ఏం?"

"అట్లయితే చెంబు నిండుగా ఇవ్వొద్దు. మీ ఆయనతో పై గొట్టం తట్టి చూడమను. ఖాళీ చప్పుడైతే స్విచ్ అడుక్కి మార్చుకోమను."

ఆమె నవ్వు ఆగింది. నా వెనక నిలబడి ఉన్న హుసేనమ్మను చూసింది. చెంబు లేదు, బండి లేదు, అయినా హుసేనమ్మ వచ్చి వరుసలో నిలబడింది.

"నిజమే," అంది హుసేనమ్మ. "మాది తట్టి చూడలేదు."

ఆ మాట వరుసలో ముందుకు పోవడం నేను చూశాను. తలలు ఒకదాని వైపు ఒకటి వంగాయి. ఒక చెంబు కొంచెం వంగింది, తర్వాత ఇంకొకటి. నేల ఆ నీళ్ళను చప్పుడు లేకుండా తాగేసింది. ఇంతవరకు ఎవరూ కావాలని నేల మీద నీళ్ళు పోయగా చూడలేదు నేను. డ్రమ్ములో చెంబులన్నీ సగమే పడ్డాయి.

పెద్దబూడిద మిట్ట

ఉప్పు బండి వాళ్ళు ఇక్కడే కలిశారు. వాళ్ళు కాసేపట్లో పోతారు కాబట్టి గబగబా రాస్తున్నాను.

వాళ్ళకు దారిలో దస్తగిరి బండి కనబడిందట. తలుపులు తెరిచి ఉన్నాయట, లోపలికి చూడలేదట. హుసేనమ్మ అడగలేదు, నేనే అడిగాను. ఆమెకు ఇంకా చెప్పలేదు.

ఇవాళ పొద్దున మగవాళ్ళు ఇంజన్ గూళ్ళలో ఏదో పని ఉన్నట్టు చాలాసేపు ఉన్నారు. అన్ని బండ్ల దగ్గరా నీళ్ళు తొట్లలోకి దించుతున్న చప్పుడు. మధ్యాహ్నం బండ్ల వరుస పొడుగునా ఫ్యాన్లు ఒకదాని తర్వాత ఒకటి తిరగడం విన్నాను. మా అత్త అన్నం పలుకుగా ఉందంది. ఇవాళ ఆ తిట్టు ఎంత కమ్మగా ఉందో.

సాయంత్రం కాకముందే ఈరన్న మామ మా బండి దగ్గరకు వచ్చాడు. గుడ్డ కూడా కప్పుకోలేదు. ముఖం బాగా వడలిపోయింది. నా వైపు కాసేపు చూశాడు. కోపం ఉంటే భయపడేదాన్ని కాదేమో. కోపం లేదు.

"మద్దిలేటీ, ఈ రేత్రి నువ్వు ముందు పోవాల," అన్నాడు.

ముందున్నది ఉప్పుపర్ర అక్కా, ఇన్నాళ్ళూ దాని అంచునే వచ్చాం, ఇప్పుడు అడ్డంగా దాటాలి. పైన తెల్లగా పెంకు కట్టి ఉంటుంది, కింద బురద. పెంకు ఎక్కడ పలచనో తెలిసేది ఈరన్న మామకు ఒక్కడికే. ఇన్నేళ్ళూ ముందు పోయింది ఆయనే.

"నాకు దోవ తెలీదు పెదనాయనా," అన్నాడు మా ఆయన.

"నా బండి నీళ్ళు ఇంజన్‌కు చాలవు నాయనా. చెంబులు సగమే వచ్చె గదా. నేను నడిమధ్యలో వస్తా. దోవ చెప్తా, లైటు చూపిస్తా."

"వాన్ని ముందు పంపాకు," అంది మా అత్త. ఆమె గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు. "ఈరన్నా, నా బిడ్డ."

"ఆడోళ్ళు వేరే బండ్లెక్కండి తిప్పమ్మా. అందుకే ముందుగా చెప్తాండా." అని మా ఆయన భుజం తట్టాడు. స్టీరింగ్ నేర్పినప్పుడు కూడా అలాగే తట్టేవాడట. మా ఆయన ఆ చెయ్యి తోసెయ్యలేదు. అలా అని తల కూడా ఊపలేదు.

ఆయన పోయాక బండ్ల దగ్గర్నుంచి ఒక్కొక్కరే వచ్చారు. తలారి పెద్దక్క మొగుడు పొడుగాటి ఇనుప తాడు తెచ్చి మా బండి వెనక కొక్కేనికి తగిలించాడు. "నీ వెనక నాదే. దిగబడితే లాగుతా," అన్నాడు. ఇంకొకడు ఇంకో తాడు తెచ్చి ఆ బండికి తగిలించాడు. అంతదాకా మా బిడారులో రెండు బండ్లను కట్టడం ఉండేది కాదు, ఒకటి మునిగితే రెండూ మునుగుతాయని. ఇప్పుడు చూస్తే మొదటి నుంచి చివరిదాకా కట్టేస్తున్నారు. ఈరన్న మామ బండి ఒక్కటే వరుసలో కట్టకుండా మిగిలింది. ఆయన దానికి ఆనుకుని నిలబడి చూస్తున్నాడు. ఆ చూపు నాకు నచ్చడం లేదు.

మా అత్తను, హుసేనమ్మను పెద్దక్క బండిలో ఎక్కించాం. నన్నూ ఎక్కమన్నారు. ఎక్కలేదు. మా ఆయన పక్క సీట్లో కూర్చున్నాను. ఆయన దిగమని ఒకసారి అన్నాడు, రెండోసారి అనలేదు. ఇప్పుడు ఆ సీట్లోనే ఒళ్ళో రేకు పెట్టుకుని రాస్తున్నాను. ముందంతా తెల్లగా ఉంది. పెంకు అక్కడక్కడా సన్నగా చిట్లుతున్న చప్పుడు ఇక్కడిదాకా వినబడుతోంది.

ఈరన్న మామకు సొంత అన్న ఒకడు మీ బిడారులో ఉన్నాడని ఇవాళే తెలిసింది. నేను కాపురానికి రాకముందు రెండు బిడార్లూ కలిసినప్పుడు అన్నదమ్ములిద్దరూ చాలాసేపు విడిగా కూర్చుని మాట్లాడుకున్నారట. అందుకే ఇదంతా నీకు పంపుతున్నాను. బావ ఇంజన్ గూడు తెరిచి చూడమను. స్విచ్ పై గొట్టంలో ఉంటే, ఎవరు బిగించి ఉన్నా సరే, నీళ్ళు ఎంత తగ్గినా మునిగి ఉండే చోటికి మార్పించు. ఎవరినీ అడగొద్దు. అన్నం తొందరగా ఉడికితే సంతోషించొద్దు. పక్క బండ్ల వాళ్ళకు నోటితోనే చెప్పు, కాగితం చూపించొద్దు.

ఉప్పు బండి వాళ్ళు పిలుస్తున్నారు. చదివాక దీన్ని ఎక్కడా దాచొద్దక్కా, నా గుర్తుగా కూడా వద్దు. ఇంజన్ పొగ గొట్టానికి ఆనించి పట్టుకో, అదే అంటుకుంటుంది. బూడిదను కూడా చేత్తో నలిపెయ్యి.

నీ చెల్లెలు
సుంకులు